దివానుగారి నాలుగు వేళ్ల ఎత్తు

ఒకానొక రాజు పూలతోటలో మండపం కోసం చదునుగా రాతి అరుగు పరచమని తాపీ పనిచేసే నూకాలుకు చెప్పాడు. దివాను ఆమెను చాటుగా పిలిచి, "నా పీట వేసేవైపు నాలుగు వేళ్లు ఎత్తు లేపు. లేదంటే ఈ ఊళ్లో నీకు పని పుట్టదు" అన్నాడు.

"అలాగే బాబూ" అంది నూకాలు.

రాజు చూడవచ్చిన రోజు ఆమె ఆనవాయితీ ప్రకారం, చదును చూడటానికి అరుగు మీద కడవెడు నీళ్లు కుమ్మరించింది. నీళ్లన్నీ పారొచ్చి రాజు పాదాలు తడిపేశాయి.

"ఏమిటీ వాలు?" అన్నాడు రాజు.

"దివానుగారు తమ పీట దగ్గర ఎత్తు లేపమన్నారు ప్రభూ."

దివాను మొహం మాడిపోయింది. "సున్నం గట్టిపడింది ప్రభూ, ఇక దించలేం" అన్నాడు.

"మిగతా అరుగుకే సున్నం వేశాను బాబూ. మీ ఎత్తు కింద ఉన్నది ఒట్టి ఇసుక. తోడేస్తే సరి."

రాజు పకపకా నవ్వి, పార తెప్పించి దివాను చేతికిచ్చాడు.