సూరమ్మ చలిపందిరి, వర్తకుల జెండాలు

అనగనగా, సరుకంతా ఎడ్లబండ్ల మీదే కదిలే రోజుల్లో, రేవుపట్నానికీ కోటపట్నానికీ నడుమ ఒక కూడలి ఉండేది. అక్కడ సూరమ్మ అనే ఆమె చలిపందిరి వేసి బాటసారుల దాహం తీర్చేది. నీళ్లతో పాటు దారి సంగతీ చెప్పేది. ఏ వాగు పొంగింది, ఏ కనుమలో దొంగలు తిరుగుతున్నారు, వచ్చేవాళ్లనడిగి వెళ్లేవాళ్లకు చెప్పేది. ఎవరి దగ్గరా కాసు పుచ్చుకునేది కాదు.

ఒక ఎండాకాలం బావి అడుగంటింది. లోతు తవ్వించాలంటే కూలీలు కావాలి. వాళ్లకివ్వడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

అది చూసి అత్తరు వర్తకుడు మల్లిశెట్టి వచ్చాడు. "అమ్మా, నీ పందిరికి నా అంగడి జెండా కట్టనివ్వు. నెలనెలా సొమ్ము పంపుతాను. మరొకరి జెండా మాత్రం కట్టకూడదు సుమా!"

సూరమ్మ సరేనంది. తవ్వకం మొదలైంది. ఇంతలో మల్లిశెట్టి వ్యాపారం దెబ్బతింది. సొమ్ము ఆగింది. కూలీలు పలుగులు భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

"ఒక్కరినే నమ్ముకోవడం నాదే పొరపాటు" అనుకుంది సూరమ్మ. అడిగిన ప్రతి వర్తకుడికీ చోటిచ్చింది. కంబళ్ల గవరయ్య తన అంగడికి పంపిన ఒక్కో మనిషికీ ఇంత ఇస్తానన్నాడు. జీనులు కుట్టే సాంబన్న అమ్మిన సరుకులో వాటా ఇస్తానన్నాడు. గాజులవాళ్లూ బెల్లంవాళ్లూ నెలనెలా సొమ్మిస్తామని వచ్చి జెండాలు కట్టారు. రాబడి పెరిగింది. బావిలో జల పడింది.

కానీ పందిరి కింద గాలి ఆడటం లేదు. అందరి సరుకుల పేర్లూ కేకవేస్తే గానీ సూరమ్మకు ముంత అందుకునే తీరిక దొరకడం లేదు.

వానాకాలంలో ఒక సాయంత్రం కొమరయ్య అనే బండివాడు పెళ్లాంతో, బిడ్డతో వచ్చి, నీళ్లు తాగి, "అమ్మా, వాగు దారి ఎలా ఉంది?" అని అడిగాడు. కంబళ్ల గొప్ప చెబుతున్న సూరమ్మకు ఆ మాట వినిపించలేదు. అతను కాసేపు చూసి బండి తోలుకుపోయాడు.

చీకటి పడేవేళకు తిరిగొచ్చాడు, తడిబట్టలతో, బిడ్డను భుజానేసుకుని, పెళ్లాన్ని వెంటబెట్టుకుని. బండి వాగులో పోయింది. ఎడ్లలో ఒకటి కొట్టుకుపోయింది.

"నీ దగ్గర ఆగి అడిగాను కదమ్మా. ఒక్క మాట చెప్పి ఉంటే..." అన్నాడు.

సూరమ్మ బావి దగ్గర మోట లాగే తన ఎద్దును విప్పి పలుపు అతని చేతికిచ్చింది. ఆ మర్నాటి నుంచి నీళ్లు చేత్తోనే తోడుకుంది.

జెండాలన్నీ విప్పేసింది. నెల సొమ్మిచ్చే బెల్లంవాళ్లను, మనిషికింత అనే గవరయ్యను, వాటా ఇచ్చే సాంబన్నను ఉంచుకుంది. వాళ్ల జెండాలు పందిరి బయట కట్టింది. ముందు నీళ్లు, తర్వాత దారి సంగతి, ఆ తర్వాతే సరుకుల మాట.

అప్పుడొచ్చాడు పడవల యజమాని భైరిశెట్టి. "వాళ్లంతా కలిసి ఇచ్చేదానికి రెట్టింపు ఇస్తాను. కోటపట్నం దారిలో నది మీద ఉన్న వంతెన విరిగిందని చెప్పు, చాలు. జనమంతా నా పడవెక్కుతారు."

"మీ పడవ మంచిదైతే జెండా కడతానయ్యా. నిలిచి ఉన్న వంతెనను విరిగిందని మాత్రం అనలేను."

భైరిశెట్టికి కోపమొచ్చింది. ఎదురుగా తనే పందిరి వేసి, పానకం పోయించి, వంతెన విరిగిందని చెప్పించాడు. జనం అటే మళ్లారు. సూరమ్మ ముంతలు బోర్లించి కూర్చుంది. గవరయ్య అంగడికి పోయేవాళ్లు లేరు, సాంబన్న వాటా రాలేదు. నెల సొమ్ముతో ఎలాగో గడిచింది.

కానీ వంతెన మీదుగా వచ్చే బండ్లు ఆగుతాయా? "విరిగిన వంతెన మీద నేనెలా వచ్చానయ్యా?" అని ఒక ఉప్పుబండివాడు నిలదీశాడు. ఆ మాట రెండు పట్నాలకూ పాకింది. వారం తిరక్కుండా పానకం పందిరి ఖాళీ అయింది. సూరమ్మ పందిరి ముందు బండ్లు బారులు తీరాయి. జెండా కట్టనిమ్మంటూ వర్తకులు వరస కట్టారు. ఆమె అందరికీ చోటివ్వలేదు.

కాబట్టి పిల్లలూ, రాబడికి నాలుగు దారులు ఉండటం తెలివి. ఆ రాబడి కోసం మన దగ్గరకొచ్చినవాళ్ల నమ్మకాన్ని అమ్ముకోకపోవడం నీతి.