రోముకి వెళ్ళిన గంట

దుప్పటంతా నువ్వే లాక్కుంటే కథ లేదు, చెప్తున్నా. ఊఁ కొట్టు మరి.

అనగనగా, సముద్రమన్నదే లేని చెక్ దేశంలో, కొండల మధ్య ఒక ఊరు. ఆ ఊరి చర్చిలో గంట కొట్టే ఆయన పేరు మత్యేయ్. నోరు తిరక్కపోతే మత్తయ్య అనుకో, ఆయనేం అనుకోడు. ఆయన భార్య బొజెనా. వాళ్ళకి పిల్లల్లేరు, ఆ గంటే బిడ్డ.

ఆ ఊళ్ళో ఎవరు పోయినా మత్తయ్య గంట కొట్టాలి. అది వినగానే పొలంలో ఉన్నవాడు పొలంలోనే టోపీ తీసి నిలబడేవాడు. అలా ఊరంతా సాగనంపితేనే పోయినవాళ్ళకి దారి దొరుకుతుందని వాళ్ళ నమ్మకం.

ఇంకో ముచ్చట. ఈస్టరు ముందు మూడు రోజులు అక్కడ గంటలు మోగవు. "గంటలు రోముకి ఎగిరిపోయాయర్రా, శనివారం వచ్చేస్తాయి" అని పిల్లలకి చెప్తారు. అప్పుడు గంటకి బదులు పిల్లలే చెక్క గిలకలు టకటకా తిప్పుకుంటూ ఊరంతా తిరుగుతారు.

ఒక ఏడు యుద్ధమొచ్చింది. పరాయి సైనికులు వచ్చి, ఫిరంగులు చేయడానికని గంటను దింపి పట్టుకుపోయారు. వాళ్ళ చేతులు విరగ! తాడొక్కటే మిగిలింది. "గంటేదీ తాతా?" అని పిల్లలొచ్చారు. నిజం చెప్పడానికి మత్తయ్యకి నోరు రాలేదు. "రోముకి వెళ్ళింది, వచ్చేస్తుంది" అన్నాడు.

పిల్లలు నమ్మారు. ఆ ఈస్టరుకి గోపురం కింద నిలబడి ఆకాశంలోకి చూశారు. రాలేదు. మరుసటి ఈస్టరుకీ చూశారు. రాలేదు.

"పసివాళ్ళకి అబద్ధమెందుకు చెప్పావయ్యా?" అంది బొజెనా.

"అబద్ధం కాదే, వస్తుంది" అన్నాడు మత్తయ్య. ఆ తర్వాత చలికాలంలో ఆయన పోయాడు.

అందరికీ గంట కొట్టిన మనిషికి, కొట్టడానికి గంట లేదు. పాపం పిల్లలు గిలకలు పట్టుకొచ్చారు. "వద్దు నాన్నా, ఆయన్ని గంటతోనే పంపుతా" అంది బొజెనా. గంట మోగకుండానే ఆయన్ని సమాధి చేశారు, ఆమె ఏడవలేదు. ఆ తాడు తెచ్చి తలకింద పెట్టుకుంది. దూరంగా బండి చప్పుడైతే చాలు, పొయ్యి మీద కూర మాడినా సరే, గుమ్మంలోకి పరిగెత్తేది. ఎంత బెంగో ఆ తల్లికి!

మూడో ఈస్టరు కూడా అలాగే వెళ్ళిపోయింది. అప్పుడు యుద్ధం అయిపోయింది. ఆ తర్వాత ఒకరోజు, కరిగించకుండా ఎక్కడో పరాయి దేశపు రేవులో పడేసిన గంటల్లో తమ గంట దొరికిందని బండి మీద తెచ్చారు. ఊరంతా డోళ్ళు, బూరలు. "మన దేశం మనకొచ్చింది, కొట్టండి పండగ గంట!" అన్నాడు ఊరిపెద్ద.

బొజెనా తాడు పట్టుకుని అడ్డమొచ్చింది. "పండగ తర్వాత. ముందు మా ఆయన్ని పంపాలి."

బూరలు ఆగిపోయాయి. గంటను గోపురంలోకి ఎక్కించారు. ఆమే తాడు కట్టింది, ఆమే లాగింది. మత్తయ్య ఆ పొద్దున్నే పోయినట్టు ఊరంతా టోపీలు తీసి నిలబడింది.

గంట ఆగాక ఒక చిన్నపిల్ల ఆమె గౌను పట్టి లాగింది. "తాత చెప్పినట్టే రోము నుంచి వచ్చేసింది కదూ?"

"అవును తల్లీ, కాస్త ఆలస్యమైంది" అంది బొజెనా. అప్పుడు ఏడ్చింది, ఇన్నాళ్ళదీ కలిపి.

గంట గోపురానికి, తాత స్వర్గానికి,
కథ కంచికి, మన కళ్ళు నిద్రకి.