టోపీ బొందు

“గురువుగారూ, కథ ఎక్కడికి పోతుందండీ? ఈ ఉత్సవాలు కానివ్వండి, తరవాత తీరిగ్గా నేర్చుకోకూడదూ?”

ఇలా మా జోగిదాసు గారిని అడిగినవాణ్ణి నేనే, భద్రయ్యను. ఆ రోజుల్లో నేను హరికథకు గొంతెత్తితే లంబసింగి మంచు చెదిరిపోయి, మూడు కొండల అవతల కోళ్ళు తెల్లారిందనుకుని కూసేవి. చిడతలు నా చేతిలో పడితే వాటంతట అవే పలికేవి. అలాంటివాడికి తొందరేమిటని నా ధీమా.

గురువుగారు సొంతంగా కట్టిన శబరి కథ ఏడు ఘట్టాలు. ఒక్క అక్షరం కాగితం మీద లేదు. ఉన్నదంతా ఆయన గుండెలోనే. ఆ పక్కనున్న ఊపిరితిత్తులు చెడిపోయాయని చింతపల్లి డాక్టరు చెప్పి నెలయింది. తలకు, చెవులకు చలిగాలి సోకకూడదన్నాడు. అందుకని విశాఖలో రోడ్డు పక్కన కొన్న టోపీ స్వెట్టరు తొడుక్కుని, దాని బొందు గడ్డం కింద ముడివేసుకుని కూర్చునేవారు.

నా ప్రశ్న విని ఆయన స్వెట్టరు విప్పి నా ఒళ్ళో పెట్టారు. “బొందు పీలికలయింది. కొత్తది ఎక్కించు.” మొన్న కొసలు ముడివేయకుండా ఉతికింది నేనే, ఒక కొస అప్పటికే వేలెడు లోపలికి జారిపోయి ఉంది.

“రెప్పపాటు పనండీ!” అన్నాను. కనిపించే కొస పట్టుకుని పాతదాన్ని ఒక్క గుంజు గుంజి, కుంపట్లో పడేశాను. కొత్తదానికి పిన్నీసు గుచ్చి టోపీ అంచు మడతలోకి దూర్చాను. సగం దూరం పోయి పిన్నీసు ఊడింది. మళ్ళీ దూర్చితే మెడ వెనక కుట్టు దగ్గర ఇరుక్కుంది. పదివేలమందిని ఒక్క పద్యంతో ఏడిపించినవాణ్ణి, ఆ మూరెడు మడతలో ఓడిపోయాను. గురువుగారు ఉత్త తలతో వణుకుతూ చూస్తున్నారు. శాలువా కప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

“ఏరా భద్రం, మూడు కొండలు లేపేవాడివి! దారి దొరకలేదా?” నవ్వబోయి దగ్గారు. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

“లోపల ఏమీ తెలియడం లేదండీ.”

“పాతదానికి తెలుసు. జారిన కొసని పైకి తీసి, దానికి కొత్తది కుట్టి రెండో కొస లాగి ఉంటే, తను బయటికి వస్తూ దీన్ని లోపలికి తెచ్చేది. నువ్వు కుంపట్లో వేశావు.”

బొందు సంగతి బోధపడింది. ఆ రోజుకి అంతవరకే బోధపడింది. వెనక కుట్టు విప్పి, ఎలాగో ఎక్కించి, మర్నాడే నర్సీపట్నం బండెక్కాను. అక్కడి ఉత్సవాల్లో తొమ్మిది రోజులు తొమ్మిది కథలు. నన్ను ఊరేగించడానికి ఏనుగును తెస్తామన్నారు, నేనే వద్దన్నాను.

పదకొండు శాలువాలతో తిరిగి వచ్చేసరికి గురువుగారు మంచం మీద ఉన్నారు. టోపీ బిగించి ఉంది. నేనెక్కించిన బొందు గడ్డం కింద తెల్లగా మెరుస్తోంది. చిడతలు తీసుకుని మంచం పక్కన కూర్చున్నాను.

“మొదటి ఘట్టం ఎత్తుకోండి గురువుగారూ. ఇక ఎక్కడికీ వెళ్ళను.”

పెదవులు కదిలాయి. రాగం రాలేదు, మాట రాలేదు, గాలి వచ్చింది. నేను చిడతలు పట్టుకునే ఉన్నాను. చాలాసేపటికి వేలితో దగ్గరికి రమ్మన్నారు. చెవి ఆయన నోటికి ఆనించాను. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అన్నారు:

“కథ కూడా ఆ కుంపట్లోనే చూడరా, భద్రం.”