దుప్పి పిల్ల కోసం రెండు చాటింపులు

ఇప్పలగట్టు అడవిలో దుప్పులు, కుందేళ్ళు, కోతులు, నెమళ్ళు, నోరు ఊరుకోని పిట్టలు కలిసిమెలిసి ఉండేవి. ఆ అడవిని ఊటవాగు రెండుగా చీల్చింది. వేసవిలో వాగంతా ఇసుకే. వానలు పడ్డాయంటే మాత్రం చలికాలం దాకా ఇవతలివాళ్ళు అవతలికి పోలేరు.

అక్కడ ఒక ఆచారం ఉండేది. పుట్టిన పిల్లకు మొదటి చలికాలం దాటేదాకా పేరు పెట్టరు. "ముందు బతికి బట్టకట్టనీ, పేరుదేముంది" అనేవారు పెద్దలు.

మరి పేరు లేని పిల్ల తప్పిపోతే? దానికి చాటింపు ఉంది. పొద్దు వాలే వేళ చాటింపు పక్షి పెద్దబండ ఎక్కి, తప్పిపోయిన పిల్ల ఎలా ఉంటుందో కేకవేసి చెబుతుంది. అవతలి గుట్ట మీది పిట్టలు ఆ మాట అందుకుంటాయి. వాటి నుంచి మరో గుట్ట పిట్టలు అందుకుంటాయి. విన్నది విన్నట్టే చెప్పాలి. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీసెయ్యకూడదు.

ఎన్నో ఏళ్ళు ఆ పని ముసలి జెముడుకాకి చేసింది. దాని గొంతు బొంగురు. ఈమధ్య మాణిక్యం అనే చిలుక వచ్చాక, దాని తియ్యని గొంతు విని అందరూ ఆ పని దానికి అప్పగించారు.

మాణిక్యం మునుపు ఊళ్ళో ఒక బడి వరండాలో, పంజరంలో ఉండేది. లోపల మాస్టారు ఇంగ్లీషు పాఠం చెబుతుంటే ఇది బయట వల్లెవేసేది. వర్ణించే మాటలన్నీ వచ్చేశాయి. బ్యూటిఫుల్, వండర్‌ఫుల్, స్వీట్, గోల్డెన్! ఆ మాటలను 'అండ్', 'బట్' పెట్టి ఎలా కలపాలో, 'అండర్', 'నియర్' పెట్టి చోటు ఎలా చెప్పాలో రేపు నేర్పుతానన్నారు మాస్టారు. ఆ సాయంత్రమే ఎవరో పంజరం తలుపు సరిగ్గా వెయ్యలేదు. మాణిక్యం ఎగిరి వచ్చేసింది. సగం చదువు వాళ్ళకే గొప్పలెక్కువ అని వేరే చెప్పాలా?

ఆ వేసవిలో అడవికి కార్చిచ్చు అంటుకుంది. దుప్పుల మంద చెల్లాచెదురైంది. మంటలు ఆరాక చూసుకుంటే, సింగారి అనే దుప్పికి తన పిల్ల కనబడలేదు. కాలిన నేల మీద వాసనలన్నీ చెరిగిపోయాయి. గిట్టలు బొబ్బలెక్కేదాకా వెతికింది. పాలతో పొదుగు బరువెక్కిన ప్రతిసారీ దాని గుండె చెరువయ్యేది.

చివరికి మాణిక్యం దగ్గరికి వెళ్ళింది.

"తమ్ముడూ, నా పిల్లకోసం చాటింపు వెయ్యి. వాడు కొంచెం కుంటుతాడు. ఎడమ చెవి..."

"ఛ ఛ! ఊరుకో అక్కా," అంది మాణిక్యం. "కుంటి, గింటి అని పదిమందిలో ఎవరైనా చెప్పుకుంటారా? నీ బిడ్డను నేను ఎలా వర్ణిస్తానో చూడు."

పెద్దబండ ఎక్కి గొంతు సవరించుకుంది.

"అందమైన పిల్ల! ముద్దులొలికే పిల్ల! బంగారు వన్నె పిల్ల! బ్యూటిఫుల్! వండర్‌ఫుల్! తప్పిపోయిందహో!"

గుట్ట నుంచి గుట్టకు ఆ మాట సాగిపోయింది. సింగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన బిడ్డను అంత గొప్పగా చెబుతుంటే ఏ తల్లికి కాదనబుద్ధవుతుంది? చెవి సంగతి, కాలి సంగతి అది మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు పెద్దబండ దగ్గర సంత కూడినంత సందడి. కోతి తన పిల్లను చంకనేసుకుని వచ్చింది. "అందమైనది ఇదే కదా! ఇదెప్పుడు తప్పిపోయింది? నా దగ్గరే ఉందే!" అంది. కాకిపిల్ల కాకికి ముద్దు. అందుకని కాకి కూడా వచ్చింది. నెమలి వచ్చింది. నా పిల్ల అందమంటే నా పిల్ల అందమని జుట్లు పట్టుకున్నారు. తేల్చమని అందరూ మాణిక్యం మీద పడ్డారు. ఆ పెనుగులాటలో దాని తోక ఈకలన్నీ ఊడి చేతికొచ్చాయి.

"ఏ పిల్లో, ఎక్కడో చెప్పకుండా ఇదేం చాటింపు?" అని తిట్టి దాన్ని బండ మీంచి దింపేశారు.

సింగారి మాత్రం వచ్చిన ప్రతి పిల్ల మొహం చూసింది. ఏ పిల్లా తనది కాదు.

అంతలో తూర్పున మబ్బు పట్టింది. తడిమట్టి వాసన వచ్చింది. నేడో రేపో వాగు పారుతుంది. పారితే, పాలు మరవని పిల్ల అవతల చిక్కుకుంటే ఒంటరిగా ఎన్నాళ్ళు బతుకుతుంది? సింగారి పరుగున జెముడుకాకి ఉండే ముళ్ళపొద దగ్గరికి వెళ్ళి దాని ముందు నిలబడింది.

"తాతా, నా బిడ్డ..."

"ఎలా ఉంటాడు తల్లీ?"

"అందంగా ఉంటాడు."

"అది నీ కంటికి. నీ కళ్ళు అందరికీ ఉండవు కదమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

సింగారికి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే చెప్పింది. "వెనక కాలు కుంటుతాడు తాతా, కానీ తూనీగ కనబడితే వాణ్ణి ఎవరూ పట్టుకోలేరు. ఎడమ చెవి చిరిగింది. నక్క నోట్లోంచి లాగాను. అయినా ఆకు రాలినా ఆ చెవికే ముందు వినిపిస్తుంది. నీళ్ళంటే భయం. నేను అవతల ఉంటే మాత్రం దిగుతాడు."

"చివరిసారి ఎక్కడ చూశావు?"

"కాలిపోయిన మోదుగుల పక్కన. రెండు బండల మధ్య నుంచి వాగు వైపు దూకాడు."

"నువ్వు ఎక్కడ ఉంటావు?"

"ఒడ్డున నేరేడు చెట్టు కింద. మొదటి రోజు నుంచీ వెతికి వెతికి అక్కడికే చేరుతున్నాను."

జెముడుకాకి మెల్లగా పెద్దబండ ఎక్కింది. బొంగురు గొంతుతోనే కేకవేసింది.

"దుప్పి పిల్ల తప్పిపోయిందహో! కుంటి పిల్ల, కానీ తూనీగ వెంట పడితే పట్టుబడదు! ఎడమ చెవి చిరిగింది, అయినా ఆకు రాలినా వింటుంది! కాలిన మోదుగుల పక్క నుంచి, రెండు బండల మధ్య నుంచి వాగు వైపు దూకింది! వాళ్ళమ్మ ఒడ్డున నేరేడు చెట్టు కింద ఉంది! ఇంకా అక్కడే ఉందహో!"

పిట్టలు అందుకున్నాయి. ఒక గుట్ట, ఇంకో గుట్ట, ఆ పై గుట్ట. చివరికి "ఇంకా అక్కడే ఉందహో" అన్న మాట ఒక్కటే గాలిలో సన్నగా వినిపించి ఆగిపోయింది.

వాన మొదలైంది. వాగులో ఎర్రనీళ్ళు వచ్చాయి. నేరేడు చెట్టు కింద సింగారి కదల్లేదు.

అవతలి ఒడ్డున పొదలు కదిలాయి. ఒక బక్కచిక్కిన దుప్పి పిల్ల కుంటుకుంటూ వచ్చి నీళ్ళ ముందు ఆగింది. వణికింది. చిరిగిన చెవి నిక్కబొడుచుకుంది.

"అమ్మా!"

"ఇక్కడే ఉన్నాను, రా నాన్నా!"

పిల్ల కళ్ళు మూసుకుని నీళ్ళలోకి దిగింది. సింగారి నడివాగు దాకా ఎదురెళ్ళి, మెడ అడ్డుపెట్టి, ఒడ్డుకు తోసుకొచ్చింది. కాసేపటికే వాగు రెండు గట్లూ ఒరుసుకుని పారింది.

పాలు తాగుతూ మధ్యలో ఆగి పిల్ల అంది. "మొదటి చాటింపు నేనూ విన్నానమ్మా. అందమైన పిల్ల, బంగారు పిల్ల అన్నారు. నేను కాదు కదా అనుకున్నాను. ఎవరో మంచి పిల్ల కోసం వాళ్ళమ్మ వెతుకుతోంది, నాకోసం ఎవరూ వెతకడం లేదు అనుకుని పడుకున్నాను."

సింగారి పిల్లను దగ్గరికి పొదువుకుంది. చిరిగిన ఆ చెవిని మళ్ళీ మళ్ళీ నాకింది.

ఆ తర్వాత చాటింపు పని మళ్ళీ జెముడుకాకికే వచ్చింది. తోక లేని మాణిక్యం కింది కొమ్మ మీద కూర్చుని, నోరు మూసుకుని వినడం నేర్చుకుంది.

చలికాలం దాటింది. పిల్లకు మంచి పేరే పెట్టారు. అయినా రోజూ పడుకునే ముందు అది అమ్మ పక్కన చేరి అడిగేది.

"అమ్మా, నా చాటింపు చెప్పవా?"

"కుంటి పిల్ల, కానీ..." అని సింగారి మొదలుపెట్టేది.

నీతి: పొగడ్త చెవికి ఇంపు. లోపాన్ని, గొప్పని కలిపి ఉన్నది ఉన్నట్టు ప్రేమగా చెప్పిన మాటే తప్పిపోయినవాళ్ళను ఇల్లు చేరుస్తుంది.