గద్ద బొమ్మ జాకెట్

కాశింపీరా మేస్త్రీని ప్రశ్న అడిగి జవాబుతో ఇంటికి వెళ్ళినవాళ్ళు మా గుండ్లమిట్టలో లేరు. మూడు రోడ్లు కలిసే చోట ఆయనకి రేకుల కొట్టు ఉంది. నలభై ఏళ్ళుగా అందులో మోటారు సైకిళ్ళు బాగుచేస్తున్నాడు. బండికి ఏమైందని అడిగితే బండివైపు చూస్తాడు. ఎప్పటికి అవుతుందని అడిగితే ఆకాశంవైపు చూస్తాడు. ఇలా చూపులతో సరిపెట్టే మనిషిని జ్ఞాని అని నిర్ణయించడానికి మా ఊరికి ఎక్కువ కాలం పట్టలేదు. పని నేర్చుకున్నవాళ్ళంతా ఆయన్ని గురువా అనే పిలుస్తారు. వాళ్ళలో ఆఖరివాడు, ప్రశ్నల్లో మొదటివాడు ఓబులేసు.

ఓబులేసుకి ముప్పై ఆరేళ్ళు. పని పూర్తిగా వచ్చి పదేళ్ళయినా కొట్టు వదల్లేదు. గురువే తనని వదలడం లేదని చెబుతాడు. అప్పుడు గురువు ఎటో చూస్తాడు. బండి నడపడంలో చుట్టుపక్కల అతనంతటివాడు లేడు. ఆ మాట అతనే ముందు చెప్పేస్తాడు కాబట్టి మాకు చెప్పే అవసరం ఎప్పుడూ రాలేదు. మోకాళ్ళ పైకి మడిచిన లుంగీ, రెండే గుండీలు మిగిలిన చొక్కా, వెల్డింగు వెలుగుకి ఎర్రబడ్డ కళ్ళు, వారం రోజుల గడ్డం, ఇదీ అతని వాలకం. తనకి వేషాలు తెలియవంటాడు. వేషం లేకుండా కనిపించడానికి అతను పడే శ్రమ మాత్రం అతని భార్యకి తెలుసు. ఆమె కొత్త ప్యాంటు కొనిపెడితే, దాన్ని కొట్లో నెల రోజులు మసిగుడ్డగా వాడి, నూనె మరకలు బాగా పట్టాకే తొడుక్కున్నాడట. ఆమె నాలుగిళ్ళలో చెప్పుకుంది. మిగతా ఇళ్ళకి మేం చేరవేశాం.

అతని కంట్లో నలుసు పట్టాభిరామయ్య గారు. హైస్కూల్లో ల్యాబ్ అటెండరు. ఇరవై ఎనిమిదేళ్ళుగా సీసాలోని కప్పను పిల్లలకి చూపించి, మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాడు. మూడేళ్ళ క్రితం, నలభై తొమ్మిదో ఏట ఆయనకి ఏమనిపించిందో, పెద్ద బండి కొన్నాడు. బండి రావడానికి నెల ముందే జాకెట్ వచ్చింది. నల్లటి జాకెట్. భుజాల్లో మందపాటి మెత్తలు. వీపు నిండా రెక్కలు విప్పిన గద్ద బొమ్మ. రొమ్ము మీద, ఆయన పటంలో తప్ప చూడని హిమాలయాల కనుమల పేర్లతో కుట్టిన బిళ్ళలు. మోచేతులకీ మోకాళ్ళకీ తొడుగులు. ఇవన్నీ తగిలించుకుని ఆయన ఇంటి నుంచి బడికీ, బడి నుంచి కూడలికీ బండి మీద వస్తాడు, గంటకి ముప్పై కిలోమీటర్ల మీద. పాలవాళ్ళ మోపెడ్లు ఆయన్ని దాటిపోయేటప్పుడు మర్యాదగా ఒక్కసారే హారన్ కొడతాయి.

మా ఊళ్ళో బండిని చూస్తే మనిషి లెక్క తేలిపోతుంది. మోపెడ్ మీద వస్తే పాలవాడు. స్కూటర్ మీద వస్తే పంతులు. చప్పుడు గట్టిగా ఉంటే మనకంటే పెద్దవాడు. హెల్మెట్ పెట్టుకున్నాడంటే ఊరికి కొత్తవాడు. ఈ లెక్క ప్రకారం పట్టాభిరామయ్య ఊరికి కొత్తగా వచ్చిన పెద్దమనిషి కావాలి. పుట్టింది ఇక్కడే అయినా, ముసలివాళ్ళు కొందరు ఆయన్ని చూసి లేచి నిలబడేవాళ్ళు. ఆదివారాలు నగరం నుంచి పెద్ద బండ్ల గుంపులు మా కూడలి మీదుగా కొండ మీది ఘాటు రోడ్డు ఎక్కుతాయి. వాళ్ళకొక ఆచారం ఉంది. తమలాంటివాడు కనిపిస్తే ఎడమచెయ్యి పక్కకి చాపి రెండు వేళ్ళు చూపిస్తారు. టీ కొట్టు ముందు నిలబడ్డ పట్టాభిరామయ్యకి గుంపు మొత్తం వేళ్ళు చూపించి వెళ్ళేది. ఆయనా గంభీరంగా చూపించేవాడు. పక్కనే కూర్చున్న ఓబులేసుని మాత్రం, పంక్చర్లు ఎక్కడ వేస్తారని అడిగేవాళ్ళు.

ఒక ఆదివారం అతను తట్టుకోలేకపోయాడు.

"గురువా, ఆయప్ప బండి దిగి తోసుకుంటా పోయినా అంతకంటే బిరీన పోతాడు. ఘాటు రోడ్డు ఎట్లుంటాదో కూడా తెలీదు. ఆయన్ని నువ్వు కూడా రైడరు గారూ, రండి రైడరు గారూ అంటావే! ఈ పదేళ్ళలో నన్ను ఒక్కసారన్నా అన్యావా? అసలైనోడికీ వేషగాడికీ తేడా ఏంది? ఈరోజు చెప్పాల్సిందే."

కాశింపీరా రోడ్డువైపు చూశాడు. ఓబులేసూ చూశాడు. రోడ్డు మీద ఒక గేదె తప్ప ఏమీ లేదు. జవాబు అందులో ఉందేమోనని అతను కాసేపు గేదెనే చూసి, అది మలుపు తిరిగాక పనిలో పడ్డాడు.

జవాబు గురువారం నాడు బస్సులో వచ్చింది.

ఘాటు ఎక్కాల్సిన బస్సు ఉదయం తొమ్మిదికి పది నిమిషాలుండగా మా కూడలిలో ఆగి, ఇక కదలలేదు. గంటలో ఇంకో బస్సు వస్తుందని కండక్టరు చెప్పాడు. ఆయన గంట ఎంతసేపుంటుందో ఎరిగినవాళ్ళు వెళ్ళి నీడ చూసుకున్నారు. ఒక్క మనిషి మాత్రం కూర్చోలేదు. కొండకింది పల్లె నుంచి వస్తున్న సువార్త అనే ఆవిడ. ఇద్దరు పిల్లల తల్లి. ప్లాస్టిక్ కవర్లో హాల్ టికెట్ పట్టుకుని ఉంది. టీచరు ఉద్యోగానికి పరీక్ష, ఘాటు అవతల టౌన్లో, ఇరవై ఆరు కిలోమీటర్ల దూరం. తొమ్మిదిన్నరకి గేటు మూసేస్తారు, నిమిషం దాటినా తియ్యరు. వయసు హద్దు ఈ ఏడాదితో సరి కాబట్టి ఆమెకి ఇదే ఆఖరుసారి. ఈ సంగతులేవీ ఆమె మాతో చెప్పలేదు. కండక్టరుతో పోట్లాడుతుంటే మేమే దగ్గరికి జరిగి విన్నాం. ఊళ్ళో ఉన్న ఒక్క ఆటో పెళ్ళివాళ్ళని తీసుకుని పోయింది.

ఆమె చుట్టూ చూసి మేస్త్రీ కొట్టువైపు పరిగెత్తింది. అక్కడ ముగ్గురున్నారు. కుడి మోకాలు వంగక, బండెక్కడం ఏనాడో మానేసిన కాశింపీరా స్టూలు మీద ఉన్నాడు. తన బండి ఇంజను ముక్కలు ముక్కలుగా విప్పి గోనెపట్టా మీద పరుచుకుని ఓబులేసు ఉన్నాడు. బడికి సెలవులు గనక, చైనుకి నూనె పెట్టించుకోవడానికి వచ్చిన పట్టాభిరామయ్య, ఆ కాస్త పనికీ తొడుగులన్నీ తగిలించుకుని నిలబడి ఉన్నాడు.

ఆమె నేరుగా గద్ద బొమ్మ దగ్గరికే వెళ్ళింది. ఓబులేసుని దాటేటప్పుడు, మసి అంటుకుంటుందేమోనని చీర కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తింది కూడా.

"సార్, మీరు రైడరు కదా సార్. తొమ్మిదిన్నరలోపల నన్ను ఘాటు దాటించండి సార్. మీ కాళ్ళకి దండం పెడతా."

కూడలి మొత్తం అటు తిరిగింది. టీ కొట్టు రత్తమ్మ స్టవ్వు తగ్గించింది. మూడేళ్ళుగా మేమంతా ఎదురుచూస్తున్న ఘడియ అది. పట్టాభిరామయ్య ఏ సాకు చెబుతాడా అని చూస్తున్నాం. బ్రేకు పట్టడం లేదనొచ్చు. నడుం పట్టేసిందనొచ్చు. మేమైతే రెండూ చెప్పేవాళ్ళం.

ఆయన హెల్మెట్ తీశాడు.

"అమ్మా, నాకు ముప్పై దాటి నడపడం రాదు," అన్నాడు. "ఘాటు ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఈ బిళ్ళలు కొనుక్కున్నవి. నన్ను నమ్ముకుంటే నీకు పరీక్ష అందదు."

ఎవరూ నవ్వలేదు. ఆ మాట ఆయన నోట వినాలని కాచుకుని ఉన్నవాళ్ళమే అందరం. తీరా విన్నాక, ఎవరి గ్లాసులోకి వాళ్ళం చూసుకున్నాం.

ఓబులేసు లేచి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "నేను తీసుకపోతా రా అక్కా. సారు బండి ఇస్తే చాలు. అర్ధగంట లోపల నిన్ను గేటు ముందర దించుతా."

సువార్త అతన్ని కింద నుంచి పైదాకా చూసింది. లుంగీ చూసింది, గుండీలు చూసింది, కళ్ళ దగ్గర ఆగింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

"వద్దులే అన్నా. పొద్దున్నే తాగినట్టున్నావు."

ఓబులేసు జన్మలో మందు ముట్టలేదు. అతను తాగేది రత్తమ్మ టీ, అదీ చక్కెర లేకుండా. అతను గురువువైపు తిరిగాడు. ఈలోగా పట్టాభిరామయ్య జాకెట్ విప్పేశాడు. జాకెట్ ఊడేసరికి మనిషి సగమయ్యాడు. మేం ఇన్నాళ్ళూ ఆయనవనుకున్న భుజాలు జాకెట్‌వే. లోపల చొక్కా కూడా లేదు. చంక దగ్గర చేత్తో కుట్టిన బనియను ఒక్కటే ఉంది.

"తొడుక్కో ఓబులేసూ," అని జాకెట్ చాపాడు.

"నేనా? దీన్నా? ఏం సార్, నేను నడపాలంటే గద్ద కావాల్నా? చచ్చినా తొడుక్కోను."

అప్పుడు కాశింపీరా నోరు విప్పాడు. "ఇంతమందిలో ఆయన విప్పగలిగాడు. నువ్వు తొడుక్కోలేవా?"

ఓబులేసు లోపలికి వెళ్ళి నూనె మరకల ప్యాంటులోకి దూరి వచ్చి, చేతులు చాపాడు. పట్టాభిరామయ్యే జాకెట్ తొడిగి, జిప్పు గడ్డం దాకా లాగి, తన హెల్మెట్ అతని నెత్తిన పెట్టాడు. తర్వాత సువార్తవైపు తిరిగాడు.

"అమ్మా, నాకు నడపడం రాదు గానీ, ఎవరికి వచ్చో తెలుసు. మూడేళ్ళుగా ఇక్కడ నిలబడి ఇతను నడిపే తీరే చూస్తున్నా. ఈ దారి మీద ఇతన్ని మించినవాడు లేడు. తాగుడు అలవాటు లేదు. నా మాట మీద ఎక్కు."

ఆ మాట ఓబులేసు అప్పటిదాకా ఎవరి నోటా వినలేదు, తన నోట తప్ప. హెల్మెట్ లోపల అతని మొహం ఎలా ఉందో మాకు కనిపించలేదు. చూడగలిగితే బాగుండేది.

సువార్త కళ్ళముందే ఓబులేసు వేషం మారింది. లోపల ఉన్నది తాను వద్దన్న మనిషేనని ఆమెకి తెలుసు. అయినా ఎక్కింది. వెనక కూర్చునేవాళ్ళకని కొని, మూడేళ్ళుగా ప్లాస్టిక్ కవరైనా తియ్యని రెండో హెల్మెట్‌ని పట్టాభిరామయ్య ఆమెకిచ్చాడు. ఆ బండి గొంతు అంత పెద్దదని మా కూడలికి ఆరోజే తెలిసింది.

ఇక పట్టాభిరామయ్య మిగిలాడు, బనియనుతో. ఇల్లు ఊరికి ఆ చివర. నడిచి వెళ్ళాలంటే బజారు పొడవునా వెళ్ళాలి. ఆయన కొట్లోనే ఇంకో స్టూలు మీద కూర్చుని చేతులు రొమ్ము మీద ముడుచుకున్నాడు. ఆయన బనియనుతో ఉన్నాడన్న కబురు ఊళ్ళోకి చేరడానికి పది నిమిషాలు పట్టింది. మా ఊళ్ళో ఏదైనా ఆలస్యమే. స్క్రూలు కొనేవాళ్ళు, గాలి పట్టించుకునేవాళ్ళు, బండే లేనివాళ్ళు, చాలామందికి ఆ పూట మేస్త్రీతో పని పడింది. వచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి అందామనుకునే వచ్చాడు. ఆయన మొహం చూసి, టీ తాగారా సార్ అని మాత్రం అడిగి వెళ్ళాడు. పదకొండు గంటలకల్లా ఆయన ముందు ఆరు గ్లాసులు పోగయ్యాయి. ఆయన దేన్నీ ముట్టలేదు. కళ్ళు ఘాటువైపే ఉన్నాయి. మేస్త్రీ కొట్లో ఉన్న గోడ గడియారాన్ని ఆరోజు చూసినంతగా ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు.

ఒంటిగంట దాటాక బండి వచ్చింది. ఓబులేసు దిగీ దిగకుండానే మొదలుపెట్టాడు.

"నాలుగు నిమిషాలుండంగా గేట్లో పడేసినా. పరీక్ష అయ్యేదాకా ఆడ్నే ఉండి, బస్సెక్కించి వచ్చినా. బాగా రాసినానని చెప్పింది." పట్టాభిరామయ్య ఊపిరి వదిలిన చప్పుడు మాకందరికీ వినబడింది. ఓబులేసు స్వరం తగ్గించాడు. "గేటు కాడ వాచ్‌మనుంటాడే, కుర్చీ తెచ్చి ఏసినాడు గురువా! కూచోండి సార్ అన్యాడు. నన్ను. కానిస్టేబుల్ వచ్చి, మీది ఏ క్లబ్బు సార్ అనడిగినాడు."

"ఏం చెప్పావు?" అని రత్తమ్మ అడిగింది.

"గుండ్లమిట్ట క్లబ్బని చెప్పినా. ఎంతమంది అనడిగితే ఇద్దరమన్యా." అతను నేల చూశాడు. "వచ్చేటప్పుడు ఘాట్లో గుంపొకటి ఎదురొచ్చింది. వేళ్ళు చూపించినారు. నేను చూపించొద్దనే అనుకున్యా. చెయ్యి దాని పాటికి అదే పోయింది."

మేం మొహాలు తిప్పుకున్నాం. కొందరికి దగ్గు వచ్చింది.

"అయితే గురువా, ఒక మాట. బస్సెక్కే ముందు ఆయమ్మ వెనక్కి తిరిగి, ఆ సారు పేరేందన్నా అనడిగింది. చెప్పినా. రాసుకుంది. నా పేరు అడగలే. ఇరవై ఆరు కిలోమీటర్లు నడిపింది నేను, పేరేమో ఆయనది. బండి ఆయనది, నడక నాది. ఇప్పుడన్నా చెప్పు. మా ఇద్దర్లో అసలైనోడు ఎవరు?"

కాశింపీరా రోడ్డువైపు చూడలేదు, ఆకాశంవైపు చూడలేదు. కొట్టు మీది రేకులు ఎండకి చిటపటమంటున్నాయి. కుక్కలు కూడా నీడ వెతుక్కుని పడుకున్నాయి. ఆయన చూపు స్టూలు మీద చేతులు ముడుచుకుని కూర్చున్న పట్టాభిరామయ్య మీద ఉంది.

"ముందు ఆ జాకెట్ ఇచ్చెయ్యిరా," అన్నాడు. "పాపం, రైడరు గారికి చలేస్తోంది."