చిత్తడి నేల ఖరీదు

ఏటికి ఎగువన రాజుగారు ఆనకట్ట కట్టిస్తున్నారు. దిగువన ఎండిపోబోయే చిత్తడి నేల ఖరీదు ఊరికి చెల్లిస్తామని మాట ఇచ్చారు. ఆ ఖరీదు కట్టడానికి ఒక అధికారి వచ్చాడు.

"ఇక్కడ ఆడవాళ్లు ఏరుకునేదేదీ సంతకు రావడం లేదు. ఖరీదు సున్నా" అని రాసేశాడు.

ఆ చిత్తడి మీదే పిల్లల్ని సాకుతున్న పోలమ్మ, మధ్యాహ్నం అతన్ని కటికనేల మీద కూర్చోబెట్టి ఖాళీ విస్తరి వేసింది.

"అన్నమేదీ?"

"చేపలు, పొన్నగంటికూర, వడ్లు, తుంగచాప, అన్నీ ఆ చిత్తడివే బాబూ. తమరు సున్నా అన్నారుగా, అదే వడ్డించాను."

ఊళ్లో ప్రతి ఇంటా అదే వడ్డన. ఆకలికి తాళలేక అధికారి సున్నా కొట్టేసి, "ఒక పూట భోజనం" అని దిద్దాడు. పోలమ్మ గెలిచిందని ఊరు నవ్వింది.

ఆనకట్ట తలుపులు దించిన రోజు, రాజుగారు మాట తప్పకుండా ఊరందరికీ ఒక పూట భోజనం పెట్టించారు.

వేసవికల్లా చిత్తడి బీటలు వారింది. పోలమ్మ తన పిల్లల ముందు ఖాళీ విస్తళ్లు వేసింది.