పడక్కుర్చీలో ముసలమ్మ ఒకటి

నిమ్మతోట ఆసామి చనిపోయి పన్నెండేళ్లయింది. ఆయన ఇల్లు మాత్రం ఇంకా చావలేదు. దాన్ని చావనివ్వకూడదని ప్రభుత్వం వారు నిశ్చయించారు.

కారణం ఉంది. ఒకప్పుడు ఆ నేలలో తుమ్మ తప్ప మరోటి మొలిచేది కాదు. అలాంటి చోట వెయ్యి నిమ్మచెట్లు లేచాయి. లారీలు వచ్చాయి, లారీల కోసం రోడ్డు వచ్చింది, రోడ్డు వచ్చాక ఊరికి పేరొచ్చింది. ఇంత చేసిన మనిషి ఇల్లు రాబోయే తరాల వాళ్లు చూడొద్దా అని, ఒక వేసవి పొద్దున ఒక అధికారీ ఒక గుమాస్తా ఆ ఇంటి ముందు జీపు దిగారు.

అధికారి నియమం చదివాడు. "ఈ దినమున ఇంట్లో ఏది ఎక్కడ ఉన్నదో, అది ఎల్లకాలమూ అక్కడే ఉండవలెను." చదివి, ఎండకు తాళలేక మళ్లీ జీపెక్కి కూర్చున్నాడు.

గుమాస్తా నిజాయితీపరుడు. కంటికి కనబడింది రాస్తాడు, కనబడనిది చచ్చినా రాయడు. గది వెంట గది రాసుకుంటూ పోయాడు. ఇత్తడి గంగాళం ఒకటి. గోడ గడియారం ఒకటి, నడవదు. జింక కొమ్ములు ఒక జత, ఒకటి విరిగినది. నడిమింట్లోకి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పడక్కుర్చీ ఒకటి అని రాశాడు. తలెత్తి ఇంకోసారి చూశాడు. పడక్కుర్చీలో ముసలమ్మ ఒకటి, కదలదు అని రాశాడు.

ఆ ముసలమ్మ చెంగమ్మ. తోటలో నలభై ఏళ్లు కాయలు కోసిన మనిషి. ఎప్పుడో ఆ ఇంట్లోంచి తీసుకుపోయిన గంప తిరిగి పెట్టిపోదామని పెరటి దారిన వచ్చింది. తలుపు తీసి ఉంది, పిలిస్తే పలికేవాళ్లు లేరు. నడిమింట్లో చల్లగా ఉంది. ఆసామి అందులో వాలి ఉండగా కిటికీలోంచి వెయ్యిసార్లు చూసిన కుర్చీ ఖాళీగా ఉంది. అంత సుఖమేముందో దాంట్లో అని, చూద్దామని కూర్చుంది. సుఖం ఉన్నట్టే ఉంది. ఎందుకంటే వెంటనే నిద్రపోయింది.

ఆమె కళ్లు తెరిచేసరికి ఎదురుగా కొత్తగా వేసిన కాపలావాడు చేతులు అడ్డంగా ఊపుతున్నాడు.

"లేవబాకమ్మా, లేవబాక! నువ్వు లిస్టులో ఉండావు."

"నా పేరు రాసుకున్నారా?" అంది చెంగమ్మ, భయమూ సంతోషమూ కలిసి.

"పేరు లేదు. ముసలమ్మ అని ఉండాది. ముద్ర గూడా పడిపొయ్యింది."

మర్నాడు ఆసామి మనవడు ఇస్త్రీ చొక్కాలో ఊడిపడ్డాడు. పట్నంలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు గానీ, పాత ఇంటిమీద పెద్ద ఆశలు పెట్టుకున్నాడు. ఇల్లు చరిత్రకెక్కితే వంశం ఎక్కుతుంది, వంశం ఎక్కితే ఆ వంశంలో మిగిలింది తనొక్కడే. అలాంటి ఇంట్లో, తాత కుర్చీలో, కూలిమనిషి ఉందని విని ఒళ్లు మండిపోయింది.

"ఆమె మా ఇంటి మనిషి కాదు సార్. లిస్టులోంచి కొట్టేయండి" అన్నాడు.

అధికారి కాగితాలు తిరగేశాడు. "కొట్టివేతలుంటే లిస్టు చెల్లదండీ. లిస్టు చెల్లకపోతే చరిత్ర చెల్లదు. చరిత్ర చెల్లకపోతే ఇది పైకప్పు కారే పాత కొంప. ఆలోచించుకోండి."

మనవడు ఎంతోసేపు ఆలోచించలేదు. చెంగమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఎవరన్నా అడిగితే మా నాయనమ్మవని చెప్పు" అన్నాడు.

చెంగమ్మ చెవులు మూసుకుంది. "తప్పు చిన్నయ్యా! నా మొగుడు పైన ఉండాడు. రేపు నేను పొయినాక ఆసామి యాడ, నేను యాడ అని నిలదీస్తే ఏం చెప్పేది?"

"అయితే ఏమీ చెప్పబాక. గమ్మున కూర్చో."

ఆ మాట ఆమెకు నచ్చింది. నలభై ఏళ్లలో గమ్మున కూర్చోమన్నవాళ్లు ఎవరూ లేరు. సర్కారు ఖర్చుతో పట్టుచీర వచ్చింది. తలమీద ఫ్యాను వచ్చింది. పూటపూటకూ అన్నం కుర్చీ దగ్గరికే వచ్చేది. పొద్దుగూకి, లిస్టు చూసేవాళ్లు లేని వేళకు ఇంటికి పోయి, తెల్లారి తాళం తీయగానే వచ్చి కూర్చోవడం ఒక్కటే ఆమె పని. చుట్టాలతో, "ఏం లేదు, పాతబడే పని దొరికింది" అని చెప్పుకుంది.

గేటు దగ్గర బోర్డు పడింది, జనం రాసాగారు. మనవడు వాకిట్లో నిలబడి అందరికీ దండాలు పెట్టేవాడు. లోపల వివరాలు చెప్పేవాడొకడు బెత్తం పట్టుకుని కథ చెప్పేవాడు. "ఆసామిగారు ఒంటిచేత్తో వెయ్యి మొక్కలు నాటారు. ఒంటిచేత్తో బావి తవ్వారు. కరువులో కడవలతో నీళ్లు మోసి, ఒక్కో మొక్కనూ బిడ్డలా సాకారు."

చెంగమ్మ వారం రోజులు ఓర్చుకుంది. ఎనిమిదో రోజు నవ్వు ఆగలేదు. కదలని వస్తువు పకపకా నవ్వేసరికి ముందు వరసలో ఒకాయన కళ్లజోడు జారి కిందపడింది.

"ఎందుకు నవ్వుతున్నారమ్మా?" అని అడిగిందొక పంతులమ్మ.

"ఒంటిచేత్తోనే తల్లీ, అబద్ధం కాదు. ఆ చేత్తో గొడుగు పట్టుకోని నిలబడేవాడు. రెండో చేత్తో విసనకర్ర."

"మరి నీళ్లు మోసిందెవరు?"

"మేం పదకొండు మంది ఆడోళ్లం. బావి తవ్వింది మా మొగోళ్లు. ఆసామి మంచోడే, తిట్టేవాడు కాదు. అయితే నిమ్మముల్లంటే సచ్చేంత భయం. చెట్టుకు బారెడు దూరంలో నిలబడి, ఎట్టుంది, ఎట్టుంది అని అడిగేవాడు. ఆడ మూలన ఉండాదే, అది పోలి చెట్టు. బిడ్డను పాదు గట్టునే పండబెట్టి నీళ్లు పోసింది. దాని పక్కది రవణమ్మది. ఆ వంకరది నాది. చిన్నప్పుడు మేక కొరికితే నా కొంగు చించి కట్టుకట్టినా, అందుకే వంకర."

ఆ రోజు నుంచీ బెత్తం ఎటు చూపిస్తే జనం అటు చూడటం మానేశారు. కుర్చీ చుట్టూ చేరేవాళ్లు. చెంగమ్మ కిటికీలోంచి ఒక్కో చెట్టునూ చూపిస్తూ ఎవరు పెంచారో చెప్పేది. అలా రోజూ చూపిస్తూ చూపిస్తూ ఉంటేనే ఆమె కంట పడింది. పోలి చెట్టు ఆకులు ముడుచుకుంటున్నాయి. రవణమ్మ చెట్టు కింద పిందెలు రాలి పడి ఉన్నాయి.

తోట బావి మోటారు కాలిపోయి నెలయింది. మనవడు బాగుచేయించాలనే అనుకున్నాడు గానీ, ఇంటికి వచ్చేవాళ్లకు దండాలు పెట్టడంతోనే పొద్దు సరిపోయేది.

చెంగమ్మ కాపలావాణ్ణి పిలిచింది. "తోట ఎండిపోతా ఉండాది. ఎవురికన్నా చెప్పు నాయనా."

"తోట లిస్టులో లేదమ్మా" అన్నాడు కాపలావాడు, బాధగానే.

"నిమ్మతోట ఆసామి ఇంట్లో జింక కొమ్ములు లిస్టులో ఉండాయి. నిమ్మచెట్టు లేదా?"

"గుమాస్తా గదులే తిరిగినాడు. బయట ఎండ."

ఆమె ఆ రోజల్లా ఫ్యాను కింద కూర్చుని తన వంకర చెట్టు వంక చూసింది. అన్నం ముట్టలేదు. తన ఒంటిమీద గాలి ఆడుతుంటే ఎదురుగా చెట్టు వడలిపోవడం చూస్తూ ఉండటం ఆమెకు చేతకాలేదు. మర్నాడు పొద్దున్నే, ఇల్లు నిండా జనం ఉండగానే, పట్టుచీర చెంగు బొడ్లో దోపి లేచి నిలబడింది. వంటింట్లో పేర్చి ఉన్న కడవల్లో ఒకటి తీసి చంకన పెట్టుకుని బావి దారి పట్టింది.

వివరాలు చెప్పేవాడు బెత్తం వదిలేసి కేకపెట్టాడు. కాపలావాడు అధికారికి ఫోను చేశాడు. "సార్, వస్తువు బయటికి పోతా ఉండాది! వస్తువుతో పాటు ఇంకో వస్తువు గూడా పోతా ఉండాది!"

అధికారి నియమం కాగితం తీసి ఇంకోసారి చదివాడు. తర్వాత ఆయన అన్నమాట పెద్ద చదువు చదివినవాళ్లే అనగలరు. "వస్తువు చోటు మారితే మన తప్పు. చోటే వస్తువు వెంట వెళితే ఎవరి తప్పూ కాదు. గేటు దగ్గర బోర్డుంది కదా, అది ఎక్కడుంటే చోటు అక్కడే. పీకి ఆమె వెనకాలే పట్టుకుని నడువు."

కాపలావాడు బోర్డు పీకి భుజాన పెట్టుకున్నాడు. ముందు చెంగమ్మ, వెనక బోర్డు, బోర్డు వెనక జనం. వాళ్లకేం తెలుసు, చరిత్ర చూపించే పద్ధతి ఇదేననుకున్నారు. చెట్ల కథలు వినడానికి మళ్లీ వచ్చిన పంతులమ్మా, ఇంకొందరూ వంటింట్లో కడవలన్నీ, ఇత్తడి గంగాళంతో సహా, పట్టుకొచ్చారు. తానూ మళ్లీ వచ్చిన కళ్లజోడు ఆయన బావి దగ్గర చేద అందుకున్నాడు. కడవలు చేతులు మారుతూ వరసలో సాగాయి.

"నా ఇల్లు! నా గంగాళం!" అని అరుచుకుంటూ మనవడు పరిగెత్తుకొచ్చాడు. వరసలో ఒకచోట మనిషి తక్కువయ్యాడు. ఎవరో చూడకుండానే అతని చేతిలో నిండు కడవ పెట్టారు. నిండు కడవ చేతిలో ఉన్నవాడు అరవలేడు, తొణుకుతుంది. అతను పక్కవాడికి అందించాడు. తిరిగి చూస్తే ఇంకో కడవ. మధ్యాహ్నానికి అతని చొక్కా ఇస్త్రీ పోయింది, అరచేతులు బొబ్బలెక్కాయి, వంకర చెట్టు పాదులో నీళ్లు పోస్తుండగా మోచేతిలో ముల్లు దిగింది. "అబ్బా!" అన్నాడు. ఆ వంశంలో నిమ్మముల్లు గుచ్చుకున్న మొదటి మనిషి అతనే.

"అది కొత్తోళ్లను గుచ్చతాది. రేపటికి అలవాటు పడతాది" అంది చెంగమ్మ.

ఆఖరి పాదు తడిసేసరికి ఆమెకు కళ్లు మూతలు పడ్డాయి. పెద్ద ఇంటివైపు తిరగనైనా తిరగలేదు. తోట వెనక సందులో ఉన్న తన పూరింటికి పోయి, మంచం వాల్చుకుని పడుకుంది. కాపలావాడు చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. బోర్డు తెచ్చి ఆ గుమ్మం ముందు పాతి, దాని పక్కన తన స్టూలు వేసుకున్నాడు. బోర్డు మీద పచ్చరంగు అక్షరాలున్నాయి: "నిమ్మతోట పెంచినవారి ఇల్లు."

దాన్ని మళ్లీ ఎక్కడికైనా మార్చాలంటే కాగితాలు కావాలి. కాగితాల కోసం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున దూరం నుంచి ఒక బస్సు వచ్చి పెద్ద ఇంటి ముందు ఆగింది. వాకిట్లో మనవడు పంచె ఎగగట్టి, మోటారు ముందేసుకుని మెకానిక్కుతో మాట్లాడుతున్నాడు.

"నిమ్మతోట పెంచినవారి ఇల్లు ఇదేనా అండీ?" అని అడిగారు బస్సులోవాళ్లు.

అతను ఇంటివైపు చూశాడు. తోటవైపు చూశాడు. బొబ్బలెక్కిన చేయి చాచి, "ఇది కాదు. ఆ సందులోకి పోండి, బోర్డు కనబడతాది" అన్నాడు.

"మరి ఇంత పెద్ద ఇల్లు, ఇదెవరిది?"

మనవడు మోచేతిలో ముల్లు దిగిన చోట రుద్దుకున్నాడు.

"ఇదా? ఇందులో మేం ఉండేవాళ్లం, అంతే" అన్నాడు.